కొండదారి పరుగుకు చదువు అడ్డు కాదు, తొందరే అడ్డు

ఈ మధ్య కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల దగ్గర ఒక కొత్త ప్రశ్న వింటున్నాను. "మా వాడు ఆదివారం వస్తే చాలు, అనంతగిరి కొండలకు వెళ్లి పరిగెత్తుతున్నాడు. ట్రైల్ రన్నర్ అవుతానంటున్నాడు. అందులో బతుకు ఉంటుందా?" అడిగేవాళ్లలో సగం మందికి నా నోటి నుంచి "ఉండదు" అనే మాటే కావాలి. ఆ మాట పట్టుకెళ్లి పిల్లవాడి షూ దాచేసి, ఈఏపీసెట్ పుస్తకాల ముందు కూర్చోబెట్టాలని వాళ్ల ఆలోచన. మిగతా సగం మంది ఇందుకు పూర్తిగా ఎదురు. ఫోన్లో ఎవరో విదేశీ రన్నర్ వీడియోలు చూసి ఉంటారు. ఇంటర్ మాన్పించి ఫుల్‌టైమ్ అథ్లెట్‌ను తయారుచేసే అకాడమీ ఎక్కడుందో చెప్పమంటారు.

పైకి వేరుగా కనిపించినా ఈ ఇద్దరి నమ్మకం ఒకటే. ఆటా చదువూ కలిసి సాగవని, పదహారేళ్లకే రెండింటిలో ఒకటి తేల్చేయాలని వాళ్లు అనుకుంటున్నారు. దూరపు ట్రైల్ రన్నింగ్ విషయంలో ఈ నమ్మకం పూర్తిగా తప్పు. ముప్పై దాటినవాళ్లు రాణించే ఆట ఇది. చదువు పూర్తిచేసి, బతుకుతెరువు చూసుకుని, ఒళ్లు గట్టిపడ్డాక వచ్చినవాళ్లు ఇందులో దేనికీ ఆలస్యమైనట్టు కాదు. కాబట్టి పిల్లవాడి పరుగు ఆపించాల్సిన పనీ లేదు, కాలేజీ మాన్పించాల్సిన పనీ లేదు.

ఏమిటీ పరుగు?

తారు రోడ్డు వదిలి అడవి బాటల్లో, కొండల ఎక్కుడు దిగుళ్లలో, రాళ్ల మీద, వాగుల పక్కన పరిగెత్తడమే ట్రైల్ రన్నింగ్. మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లు దాటితే దాన్ని అల్ట్రా అంటారు. 50 కి.మీ., 100 కి.మీ., 100 మైళ్ల పోటీలు మామూలుగా జరుగుతుంటాయి. ఇక్కడ దూరం ఒక్కటే చూస్తే అంచనా తప్పుతుంది. ప్రతి 100 మీటర్ల ఎక్కుడును ఒక కిలోమీటరుగా కలిపి శ్రమను లెక్కకట్టడం ఈ రంగంలో అలవాటు. 50 కి.మీ. పోటీలో మొత్తం 2,500 మీటర్ల ఎక్కుడు ఉంటే అది 75 కి.మీ. కింద లెక్క.

ఈ ఆటలో పెద్ద పేరు యూటీఎంబీ. ఫ్రాన్స్‌లోని షమోనీ ఊళ్లో 2003లో మొదలైంది. మోంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా సుమారు 170 కి.మీ. సాగుతుంది. దాదాపు 10,000 మీటర్ల ఎక్కుడు ఉంటుంది. పూర్తిచేయడానికి గడువు 46న్నర గంటలు. అమెరికాలోని వెస్టర్న్ స్టేట్స్ వంద మైళ్ల పోటీకి మూలం 1974లో పడింది. కాలిఫోర్నియాలో జరిగే గుర్రాల పందెం దారిలో గోర్డీ ఐన్స్లీ అనే ఆయన ఆ ఏడాది గుర్రం లేకుండా తన కాళ్ల మీదే పరిగెత్తాడు.

మన దేశంలోనూ మంచి పోటీలున్నాయి. లేహ్ దగ్గర 72 కి.మీ. ఖార్దుంగ్ లా ఛాలెంజ్, పూణె దగ్గర సింహగఢ్, రాజ్‌గఢ్, తోర్ణా కోటలను కలిపే ఎస్‌ఆర్‌టీ అల్ట్రా, కర్ణాటక కాఫీ తోటల్లో మల్నాడ్ అల్ట్రా, మనాలి వైపు సోలాంగ్ స్కై అల్ట్రా వాటిలో కొన్ని. అర్హత సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, అల్ట్రాలకు సాధారణంగా 18 ఏళ్లు నిండాలి, డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి, పెద్ద దూరాలకు అంతకుముందు చిన్న దూరం పూర్తిచేసిన రుజువు చూపాలి.

గెలిచినవాళ్లు ఏం చేసేవాళ్లు?

పిల్లవాడి పరుగు చూసి భయపడే తల్లిదండ్రులకు నేను ముందుగా విజేతల చదువుల గురించి చెబుతాను. 2024లో యూటీఎంబీ గెలిచిన ఫ్రెంచి రన్నర్ వాంసాన్ బుయార్ వృత్తిరీత్యా ఇంజినీరు. షూలు తయారుచేసే హోకా కంపెనీలో ఉద్యోగం చేస్తూనే ప్రపంచంలోని మేటి రన్నర్లను దాటి 20 గంటల లోపు పూర్తిచేశాడు. అదే ఏడాది మహిళల్లో గెలిచిన కేటీ షైడ్ జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌లో భూగర్భశాస్త్రంలో పీహెచ్‌డీ చేసింది. ఈ పోటీని నాలుగుసార్లు గెలిచిన ఫ్రాంస్వా దెన్ ఫిజియోథెరపీ చదివాడు, ద్రాక్షతోట పెట్టి వైన్ తయారుచేశాడు. 2025 విజేత టామ్ ఎవాన్స్ బ్రిటిష్ సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసి వచ్చాడు.

ఇంకో ఇద్దరు మహిళల గురించి తప్పక చెప్పాలి. 2023లో ఒకే వేసవిలో వెస్టర్న్ స్టేట్స్, అమెరికాలోనే జరిగే మరో వంద మైళ్ల పోటీ హార్డ్‌రాక్, యూటీఎంబీ మూడూ గెలిచిన కోర్ట్నీ డావాల్టర్ అంతకుముందు సైన్స్ టీచర్. పరుగే వృత్తి చేసుకుందామని 2017లో బడి ఉద్యోగం వదిలింది. అప్పటికి ఆమె వయసు 32. అమెరికాలోని బార్క్‌లీ మారథాన్స్ పోటీకి గడువు 60 గంటలు. 2024 దాకా ఒక్క మహిళ కూడా దాన్ని పూర్తిచేయలేదు. ఆ ఏడాది గడువుకు రెండు నిమిషాల లోపే మిగిలి ఉండగా పూర్తిచేసిన జాస్మిన్ పారిస్ పశువైద్యురాలు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేస్తుంది, ఇద్దరు పిల్లల తల్లి.

వయసు విషయమూ చూడండి. లుడోవిక్ పొమ్మెరె 2016లో యూటీఎంబీ గెలిచినప్పుడు అతనికి 41 ఏళ్లు. మళ్లీ 2024లో, యాభైకి దగ్గరపడ్డాక, హార్డ్‌రాక్ గెలిచాడు. దీనికి కారణం ఉంది. ఒక మైలు పరుగులో గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యమే చాలావరకు ఫలితం తేలుస్తుంది. ఇరవై గంటల పరుగులో ఇంకా చాలా కావాలి. గంటల తరబడి దిగుడు దెబ్బలు కాచుకునే తొడ కండరాలు కావాలి. పరిగెత్తుతూ తిన్నది అరిగించుకునే కడుపు కావాలి. నిద్ర లేకపోయినా దారి తప్పని మనసు కావాలి. ఎప్పుడు నెమ్మదించాలో తెలిసిన వివేకం కావాలి. ఇవన్నీ ఏళ్లకు ఏళ్లు, మెల్లగా వస్తాయి. ఇరవై ఏళ్ల కుర్రవాడికి వేగం ఉండవచ్చు గానీ ఈ ఓర్పు ఇంకా వచ్చి ఉండదు.

"మరి కీలియన్ జోర్నెట్ సంగతేమిటి, ఇరవై ఏళ్లకే గెలిచాడు కదా?" అని తెలివైన పిల్లలు అడుగుతారు. నిజమే, 2008లో ఆ వయసుకే యూటీఎంబీ గెలిచాడు. కానీ అతను పిరెనీస్ కొండల్లోని యాత్రికుల బసలో పెరిగాడు, తండ్రి పర్వతారోహణ గైడు. పుట్టినప్పటి నుంచి కొండలే అతని పెరడు. కూకట్‌పల్లి అపార్ట్‌మెంటులో పెరిగిన పిల్లవాడిని అతనితో పోల్చి రెండేళ్లలో ఫలితం రాబట్టాలనుకోవడం అన్యాయం.

పిల్లలకు వంద కిలోమీటర్లు వద్దు

ఈ విషయంలో నేను ఎవరికీ మొహమాటపడను. పద్దెనిమిది నిండని పిల్లలను అల్ట్రా దూరాలు పరిగెత్తించడం తప్పు.

2006 మే నెలలో ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పిల్లవాడు పూరి నుంచి భువనేశ్వర్ వైపు 65 కి.మీ. పరిగెత్తాడు. దేశమంతా కెమెరాలు పట్టుకుని వెంటపడింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు అడ్డుకోమన్నారు. చివరికి ప్రభుత్వం కల్పించుకుని ఆ దూరపు పరుగులు ఆపించాల్సి వచ్చింది. తర్వాత సినిమా కూడా తీశారు. చిన్నప్పుడు అందరూ ఊహించిన మారథాన్ ఛాంపియన్ మాత్రం తయారుకాలేదు. పసివాడి కాళ్ల మీద పెద్దవాళ్ల కోరికలు మోపితే ఏమవుతుందో ఆ ఒక్క కథ చాలు.

పెరిగే వయసులో ఎముకల చివర్లు ఇంకా గట్టిపడి ఉండవు. వారానికి ఎనభై, తొంభై కిలోమీటర్ల పరుగు పెడితే పిక్క ఎముకల్లో, పాదంలో సన్నని పగుళ్లు వస్తాయి. ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మన ఇళ్లలో ఎంతోమంది అమ్మాయిలకు అసలే రక్తహీనత. దాని మీద పరుగు పెంచి, "సన్నబడితే వేగం వస్తుంది" అని అన్నం తగ్గిస్తే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. తినే శక్తికీ ఖర్చయ్యే శక్తికీ పొంతన లేక వచ్చే ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టి కోచ్‌లందరినీ హెచ్చరించింది. అమ్మాయికి నెలసరి తప్పితే "పరుగు వల్ల మామూలే" అని చెప్పే కోచ్‌ను ఆ రోజే మార్చేయండి. వెంటనే డాక్టరుకు చూపించండి.

మరి ఈ వయసులో ఏం చేయాలి? హైస్కూలు, ఇంటర్ పిల్లలకు నేను చెప్పేది ట్రాక్, క్రాస్ కంట్రీ. 1,500 మీటర్లు, 3,000 మీటర్లు, 5,000 మీటర్లు పరిగెత్తండి. జిల్లా అథ్లెటిక్స్ సంఘం పెట్టే పోటీలకు వెళ్లండి. నెలకో రెండుసార్లు కొండ బాట మీద సరదాగా, గడియారం చూసుకోకుండా పరిగెత్తండి. వీలైతే కబడ్డీ, ఖోఖో, ఈత కూడా ఆడండి. చీలమండల బలం, ఒంటి అదుపు వాటితో వస్తాయి. ప్రతిభ నిజంగా ఉంటే హకీంపేట స్పోర్ట్స్ స్కూలు, కడప వైఎస్సార్ స్పోర్ట్స్ స్కూలు ఉన్నాయి. అక్కడ చదువూ ఆటా కలిసి నడుస్తాయి. వేగం ఉన్నవాళ్లు తర్వాత దూరానికి మారవచ్చు. చిన్నప్పుడే దూరాలకు అలవాటుపడి కాళ్లు పాడుచేసుకున్నవాళ్లకు వేగం మళ్లీ రాదు.

డబ్బు లెక్క ముందే చూసుకోండి

పరుగంటే ఖర్చు లేని ఆట అని చాలామంది అనుకుంటారు. కాలనీ పార్కులో పరుగుకు అది నిజం. అల్ట్రాలో నిజం కాదు.

గట్టిగా సాధన చేసే రన్నర్ వారానికి వంద కి.మీ. పరిగెత్తితే ఏడాదికి 5,200 కి.మీ. అవుతుంది. ఒక జత ట్రైల్ షూ రాళ్ల మీద 600, 700 కి.మీ. దాటి ఆగడం కష్టం. అంటే ఏడాదికి ఎనిమిది జతల దాకా కావాలి. జత పది వేల చొప్పున వేసుకున్నా షూలకే ఎనభై వేలు. వీపుకు తగిలించుకునే నీళ్ల వెస్ట్, హెడ్‌ల్యాంప్, వాన తట్టుకునే జాకెట్, జీపీఎస్ వాచ్, చేతి కర్రలు, పోటీలో తినే జెల్స్ దీనికి అదనం. పోటీ ఫీజు వేలల్లో ఉంటుంది. మనాలికో లేహ్‌కో ప్రయాణం, బస, ఎత్తుకు అలవాటుపడటానికి ముందుగా వెళ్లి ఉండాల్సిన రోజులు కలిపితే ఫీజు కన్నా మిగతా ఖర్చే ఎక్కువ తేలుతుంది. యూటీఎంబీ లాంటి పోటీకి వెళ్లాలంటే దాని అనుబంధ పోటీల్లో పరిగెత్తి రన్నింగ్ స్టోన్స్ అనే అర్హత పాయింట్లు కూడబెట్టుకోవాలి, లాటరీలో పేరు రావాలి, ఆ పైన వీసా, విమానం, యూరోల్లో ఖర్చులు.

రాబడి వైపు చూస్తే వెస్టర్న్ స్టేట్స్ విజేతకు నగదు బహుమతి లేదు. 24 గంటల లోపు పూర్తిచేసిన వాళ్లందరికీ వెండి బెల్టు బకిల్ ఇస్తారు, విజేతకూ అదే దక్కుతుంది. హార్డ్‌రాక్‌లోనూ నగదు లేదు. యూటీఎంబీ కూడా మొదటి పదిహేనేళ్ల దాకా నగదు ఇవ్వలేదు. ఈ ఆటలో సంపాదన ఎక్కువగా కంపెనీల స్పాన్సర్‌షిప్ నుంచి వస్తుంది. దానికీ మెట్లున్నాయి. మొదట షూ మీద డిస్కౌంటు, తర్వాత ఉచితంగా షూ, ఆ తర్వాత ప్రయాణ ఖర్చులు, చివరి మెట్టులో జీతం. మన దేశంలో ఆ చివరి మెట్టు ఎక్కినవాళ్లు చాలా తక్కువ. ఒప్పందాలు ఎక్కువగా ఏడాదికో రెండేళ్లకో ఉంటాయి. మోకాలు దెబ్బతింటే మరుసటి ఏడాది ఫోన్ రాకపోవచ్చు.

ట్రైల్ రన్నింగ్ ఒలింపిక్స్‌లో లేదన్నది కూడా గుర్తుంచుకోండి. ప్రైవేటు నిర్వాహకులు పెట్టే పోటీలో మెడలో వేసిన ఫినిషర్ మెడల్‌తో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం రాదు. గుర్తింపు ఉన్న క్రీడా సమాఖ్య తరఫున రాష్ట్రానికో దేశానికో ఆడిన సర్టిఫికెట్ కావాలి. ఈ తేడా తెలియక మెడల్స్ ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చిన పిల్లలను చూసి బాధపడ్డాను. ట్రాక్, క్రాస్ కంట్రీ దారి ముందుగా పట్టమని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

మన వాళ్లలో సత్తా లేదని దీని అర్థం కాదు. 2022లో బెంగళూరులో జరిగిన 24 గంటల పరుగు ఆసియా, ఓషియానియా ఛాంపియన్‌షిప్‌లో భారత పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది. కియెరన్ డిసౌజా 2016లో ఏథెన్స్ నుంచి స్పార్టా దాకా సాగే 246 కి.మీ. స్పార్టథ్లాన్ పూర్తిచేశాడు, తర్వాత మనాలి చేరి కొండల మధ్యే సాధన చేసుకుంటున్నాడు. సత్తా ఉంది, దానికి తగ్గ డబ్బు వ్యవస్థ మన దగ్గర ఇంకా రాలేదు. ఆ వ్యవస్థ వచ్చేదాకా మీ ఇల్లు గడిపేది మీ ఉద్యోగమే.

కోచింగ్ ఉచ్చులు

ఐఐటీ, నీట్ కోచింగ్‌లో మనం చూసిన రోగాలన్నీ ఇప్పుడు పరుగుకూ అంటుకున్నాయి. "పదహారు వారాల్లో మిమ్మల్ని వంద కిలోమీటర్ల రన్నర్‌ను చేస్తాం" అని ప్రకటనలు వస్తున్నాయి. పిల్లవాడిని ఒక్కసారి కూడా కళ్లతో చూడకుండా అందరికీ ఒకే ప్లాన్ వాట్సాప్‌లో పంపి నెల నెలా ఫీజు వసూలు చేసేవాళ్లున్నారు. ఇంటర్ చదివే ఒక అబ్బాయిని అతని అకాడమీ వాళ్లు "ఎలైట్ బ్యాచ్"లో వేసి మూడు నెలల్లో దూరం రెట్టింపు చేయించారు. పిక్క ఎముకలో పగులుతో నా దగ్గరికి వచ్చాడు. కట్టిన ఫీజు వెనక్కి రాలేదు, ఆ ఏడాది పరుగూ పోయింది, పరీక్షలూ దెబ్బతిన్నాయి. ఆ అబ్బాయి ఏం తప్పు చేశాడు? పెద్దవాళ్లు చెప్పింది చేశాడు.

కోచ్‌ను ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మీరు ఎక్కడ శిక్షణ పొందారు? మీ దగ్గర పరిగెత్తినవాళ్లలో మూడేళ్ల తర్వాత కూడా గాయాలు లేకుండా పరిగెత్తుతున్నవాళ్లు ఎందరు? మా పిల్లవాడికి నొప్పి వస్తే ఏ ఫిజియోకు పంపుతారు? పరీక్షల నెలలో పరుగు ఎంత తగ్గిస్తారు? చివరి ప్రశ్నకు మొహం మాడ్చుకునే కోచ్ మీకు వద్దు.

ఫీజుతో పాటు పౌడర్లు, మాత్రలు అమ్మే కోచ్ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సప్లిమెంట్ డబ్బాలో నిషేధిత పదార్థం కలిసి ఉండి డోపింగ్ పరీక్షలో దొరికితే "నాకు తెలియదు" అన్న మాటతో బయటపడలేరు. ఒంట్లోకి పోయిన ప్రతి పదార్థానికీ అథ్లెటే బాధ్యుడన్నది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమం. ట్రామడాల్ అనే నొప్పి మందు కూడా 2024 జనవరి నుంచి పోటీల్లో నిషేధం. ఇక ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుని గంటల తరబడి ఎండలో పరిగెత్తితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మాత్ర వేసుకుంటే తప్ప పరిగెత్తలేని నొప్పి ఉంటే ఆ రోజు పరుగు మానాలి.

కొండను తేలిగ్గా తీసుకోవద్దు

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో వంద కి.మీ. కొండ పరుగు జరిగింది. 172 మంది బయల్దేరారు. మధ్యాహ్నానికి ఎత్తైన ప్రాంతంలో ఉన్నట్టుండి వడగళ్లు, గడ్డకట్టే వాన, ఈదురుగాలి. చాలామంది ఒంటి మీద పల్చటి టీషర్టు, నిక్కరు. గాలి ఆపే జాకెట్ తప్పనిసరి అన్న నియమం ఆ పోటీలో లేదు. 21 మంది చనిపోయారు. వాళ్లలో చైనా మేటి అల్ట్రా రన్నర్ లియాంగ్ జింగ్ కూడా ఉన్నాడు. కొందరిని ఒక గొర్రెల కాపరి గుహలోకి తీసుకెళ్లి మంట వేసి కాపాడాడు.

అందుకే పోటీ ఎంచుకునేటప్పుడు మెడల్ అందం చూడకండి. తప్పనిసరి సామాను జాబితా ఉందా, దాన్ని బయల్దేరే ముందు నిజంగా తనిఖీ చేస్తారా, దారిలో వైద్యులు ఎన్ని చోట్ల ఉంటారు, వాతావరణం మారితే పోటీ ఆపే అధికారం ఎవరిది అని అడగండి. జవాబు రాని చోట పేరు నమోదు చేయకండి. పోటీ మధ్యలో ఆగిపోవడం నామోషీ అనే ఆలోచన కూడా పిల్లల బుర్రలో నింపకండి. ప్రపంచ ఛాంపియన్లు కూడా ఒళ్లు సహకరించకపోతే ఆగిపోతారు.

నీళ్ల విషయంలోనూ తెలియక ప్రమాదాలు జరుగుతాయి. మన ఎండల్లో తక్కువ తాగితే వడదెబ్బ. భయపడి ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పు, చక్కెర కలిసిన పానీయం దాహాన్ని బట్టి తాగడం మంచిది.

సాధన ఎక్కడ చేస్తున్నారో కూడా చూసుకోండి. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం, ప్రమాదం కూడా. తిరుమల అలిపిరి మెట్లు, శ్రీవారి మెట్టు చూసి ఎక్కుడు సాధనకు బాగుంటాయని కుర్రాళ్లకు అనిపించడం సహజమే. అవి భక్తుల దారులు. వృద్ధులు, చంటిపిల్లల తల్లులు నడిచే చోట వాచీ చూసుకుంటూ దూసుకుపోవడం మర్యాద కాదు. వికారాబాద్ అనంతగిరి, విశాఖ చుట్టుపక్కల కొండలు, హార్స్‌లీ హిల్స్ ఉన్నాయి. గుంపుగా వెళ్లండి, స్థానికులతో మాట్లాడండి, అటవీ శాఖను అడగండి.

నేను చెప్పే దారులు

మొదటి దారి, నాకు అన్నిటికన్నా నచ్చిన దారి: మీకు నచ్చిన డిగ్రీ చదివి, పరుగుకు సమయం మిగిలే ఉద్యోగం చూసుకోవడం. జీతం పది వేలు తక్కువైనా రోజుకు రెండు గంటలు ఎక్కువ మిగిల్చే ఉద్యోగం రన్నర్‌కు లాభం. టీచరు ఉద్యోగం ఇందుకు బాగా సరిపోతుంది. అటవీ శాఖ ఉద్యోగాలనూ నేను గట్టిగా చెబుతాను. ఇంటర్ అర్హతతో ఉండే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టుకు మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కి.మీ., ఆడవాళ్లు అదే సమయంలో 16 కి.మీ. నడిచి చూపాలి. కొండదారి రన్నర్‌కు ఆ పరీక్ష కష్టం కాదు, ఆ కొలువూ అడవిలోనే. రాత పరీక్షకు మాత్రం పుస్తకాలు పట్టాల్సిందే.

రెండో దారి, ఆటకు అండగా ఉండే చదువులు. ఫిజియోథెరపీలో బీపీటీ చేసి స్పోర్ట్స్ వైపు వెళ్లవచ్చు. గాయాలు తెలిసిన ఫిజియోల కోసం రన్నర్లు వెతుక్కుంటున్నారు. పోషకాహారం మీద ఇష్టం ఉంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో స్పోర్ట్స్ న్యూట్రిషన్ పీజీ ఉంది. మీ సొంత పరుగుకు కూడా ఈ చదువు జీవితాంతం పనికొస్తుంది.

మూడోది కోచింగ్. పీఈసెట్ రాసి బీపీఈడీ చేస్తే బడుల్లో ఉద్యోగాలకు అర్హత వస్తుంది. ఆ పైన పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేయవచ్చు. మనకు నిజాయితీగల కోచ్‌ల కొరత చాలా ఉంది. పరిగెత్తి, దెబ్బలు తిని, చదువుకుని వచ్చిన కోచ్ ఒక్కరు జిల్లాకు ఉన్నా ఎందరో పిల్లల కాళ్లు బాగుపడతాయి.

నాలుగోది పర్వతాల దారి. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లో నెల రోజుల లోపు బేసిక్ కోర్సు ఉంటుంది. ఏ గ్రేడ్ వస్తే అడ్వాన్స్‌డ్ కోర్సుకు వెళ్లవచ్చు. ట్రెక్ గైడ్‌గా, రక్షణ బృందంలో, పోటీల దారి గుర్తించే పనిలో ఉపాధి దొరుకుతుంది. తెలంగాణ గురుకులంలో చదువుతూ భువనగిరి బండల మీద సాధన మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఆ తర్వాత చదువు మానలేదు. ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీ పిల్లలకు నేను ఆమె పేరే చెబుతాను.

నేపాల్ రన్నర్ మీరా రాయ్ కథ కూడా చెబుతాను. పేదరికంలో పుట్టి, చిన్న వయసులో మావోయిస్టు దళంలో చేరి, బయటికి వచ్చాక 2014లో కాఠ్మాండూ దగ్గర 50 కి.మీ. కొండ పరుగు గెలిచింది. మరుసటి ఏడాదే మోంట్ బ్లాంక్ 80 కి.మీ. పోటీ గెలిచింది. ఇప్పుడు పల్లె అమ్మాయిల కోసం ఒక కార్యక్రమం నడుపుతోంది. అక్కడ పరుగుతో పాటు ఇంగ్లీషు, గైడు పని నేర్పుతుంది. పరుగే పైకి తెచ్చిన మనిషి కూడా తన వెనక వచ్చే పిల్లల చేతిలో ఇంకో పని పెడుతోందంటే, ఆ జాగ్రత్త మనమూ నేర్చుకోవాలి.

ఫుల్‌టైమ్ రన్నర్ అయ్యే ఆలోచన ఎప్పుడు చేయాలని అడిగితే నా జవాబు ఇది: డిగ్రీ చేతిలో ఉండాలి, గాయాలు లేకుండా కనీసం మూడేళ్లు అల్ట్రాలు పరిగెత్తి ఉండాలి, దేశంలోని పెద్ద పోటీల్లో మొదటి వరసలో నిలిచి ఉండాలి, ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉండాలి. నాలుగూ కుదిరినప్పుడు ఉద్యోగం వదలండి. నాలుగు కుదిరేసరికి ముప్పై ఏళ్లు రావచ్చు. ఈ ఆటకు అది సరైన వయసే.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. పిల్లవాడు తెల్లవారుజామున లేచి కొండకు వెళ్తున్నాడంటే వాడు చెడిపోవడం లేదు. నిద్ర, తిండి, సమయం అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. ఆ పరుగును ర్యాంకుతో ముడిపెట్టి ఆపకండి, మెడల్‌తో ముడిపెట్టి తరమకండి. చదువు పూర్తిచేయనివ్వండి, కాళ్లు గట్టిపడనివ్వండి, ఇంటికి ఆదరువు ఏర్పడనివ్వండి. ఆ తర్వాత ఎంత దూరం పరిగెత్తాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.